ఫోన్‌ మూగబోయే దారిలో...

బషీర్‌బాగ్‌ చౌరస్తాలో తెల్లవారుజామున మూడింటికి నిలబడినా ఫోన్‌లో సిగ్నల్‌ గీతలు నిండుగా కనిపిస్తాయి. ఆరో నిజాం కాలంలో ప్రధానిగా పనిచేసిన అస్మాన్‌ జా ప్యాలెస్‌ ఒకప్పుడు ఇక్కడే ఉండేది. ఆయనకున్న బిరుదుల్లో బషీరుద్దౌలా ఒకటి. ప్యాలెస్‌ పోయింది, పేరు మిగిలింది. చైత్ర పౌర్ణమి వస్తోందంటే నగరం నుంచి జీపులు, వ్యాన్లు ఈ వేళకే శ్రీశైలం రోడ్డు పట్టేస్తాయి. వాళ్ల గమ్యం సలేశ్వరం. నల్లమల లోయలో జలపాతం, పక్కన గుహలో లింగమయ్య. ఆ అడవి బాట జనానికి తెరిచేది ఏడాదిలో జాతర జరిగే ఆ కొద్ది రోజులే.

తుక్కుగూడ, కడ్తాల్‌, ఆమనగల్లు, డిండి... అంతవరకూ ఎవర్నీ దారి అడగక్కర్లేదు. ఎక్కడ తిరగాలో ఫోనే చెబుతుంది. మన్ననూర్‌ చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకూ మూసి ఉంటుంది కాబట్టి బండ్లన్నీ అక్కడ ఆగుతాయి. టీ తాగుతారు, ఫొటోలు దిగుతారు. చాలామంది మరిచిపోయే పని ఒకటుంది. ఇంటికి ఫోన్‌ చేసి ఏ బండిలో వెళ్తున్నారో, ఎంతమంది ఉన్నారో, ఎన్నింటికి తిరిగి ఈ చెక్‌పోస్టు దాటుతారో చెప్పడం. ఆ వేళకి ఫోన్‌ రాకపోతే ఎవరికి కబురు చేయాలో కూడా చెప్పాలి. ఎందుకంటే ఫర్హాబాద్‌ దగ్గర తారు రోడ్డు వదిలాక చాలాచోట్ల ఫోన్‌ మూగబోతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. సిగ్నల్‌ పోయింది కాబట్టి మ్యాప్‌ కూడా పోయిందనుకుంటారు. నిజానికి జీపీఎస్‌కి సెల్‌ టవర్‌తో పనిలేదు. దాదాపు 20 వేల కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు తమ టైమెంతో, తామెక్కడున్నాయో చెబుతూ ఉంటాయి. కనీసం నాలుగింటి మాట వినబడితే చాలు, మన చోటెక్కడో ఫోన్‌ లెక్కగట్టేస్తుంది. సిమ్‌ తీసేసినా సరే! పోయేది కింద కనిపించే బొమ్మ మాత్రమే. బయల్దేరే ముందు రోజు ఇంట్లోనే అచ్చంపేట నుంచి శ్రీశైలం వరకూ మ్యాప్‌ దించుకుంటే ఆ చిక్కూ తీరుతుంది. టవర్‌ సాయం లేదు కాబట్టి మొదటిసారి చోటు పట్టుకోవడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, కంగారు పడకూడదు. లోయలోకి దిగాక, చెట్ల గుబురు కింద నీలం చుక్క అటూఇటూ గెంతుతుంది. దాన్ని మరీ నమ్మకూడదు. మ్యాప్‌లో గీత ఉంది కదా అని పక్క బాటలోకి బండి తిప్పడం అంతకన్నా తప్పు. ఇది అమ్రాబాద్‌ పులుల అభయారణ్యం. తెరిచిన బాట తప్ప మరోటి తొక్కితే అటవీ శాఖ కేసు పెడుతుంది.

సరే, ఎక్కడున్నామో తెలిసింది. ఛాంబర్‌కి రాయి తగిలి ఆయిలంతా కారిపోయింది. తోడొచ్చిన పెద్దాయనకి గుండెల్లో నొప్పి మొదలైంది. ఆ చోటు బయటివాళ్లకి చెప్పడమెలా?

నల్లమల ఈ ప్రశ్న రాష్ట్రం మొత్తాన్నీ అడిగిన రోజు ఒకటుంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్‌.రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టర్‌ బేగంపేటలో లేచిన గంటలోపే సంబంధాలు తెగిపోయాయి. వైమానిక దళ విమానాలు, ఇస్రో ఉపగ్రహం, పోలీసు బలగాలు... అందరూ వెతికినా పావురాలగుట్ట మీద శకలాలు కనిపించేసరికి మర్నాడు ఉదయమైంది. అంత పెద్ద హోదాకే ఇరవై నాలుగు గంటలు పట్టింది.

మరి శాటిలైట్‌ ఫోన్‌ కొనుక్కోవచ్చుగా అంటారు. అమెరికాలో 2022 నుంచి మామూలు ఐఫోన్‌తోనే ఉపగ్రహం ద్వారా ఆపద సందేశం పంపుతున్నారు. మన దగ్గర లెక్క వేరు. తురాయా, ఇరిడియం ఫోన్లు నిషిద్ధం. టెలికం శాఖ అనుమతితో బీఎస్‌ఎన్‌ఎల్‌ ద్వారా తీసుకున్న ఇన్‌మార్‌శాట్‌ ఫోన్లే చెల్లుతాయి. పర్వతారోహకులు వాడే చేతి పరికరం వెంట తెచ్చుకుని మన విమానాశ్రయాల్లో పట్టుబడ్డ విదేశీయులూ ఉన్నారు. దుబాయ్‌ నుంచి వచ్చిన బావమరిది ఇచ్చాడని అలాంటిది జీపులో పెట్టుకుంటే మొదటికే మోసం.

రెండు మూడు బండ్లు కలిసి వెళ్తే లైసెన్సు అక్కర్లేని 446 మెగాహెర్ట్జ్‌ వాకీటాకీలు పనికొస్తాయి. గుట్ట అడ్డొస్తే వాటి గొంతూ ఆగిపోతుంది. ముందు బండికీ వెనక బండికీ మధ్య మాటలకైతే చాలు. అంతకు మించి కావాలంటే హామ్‌ రేడియో ఉంది. పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. 2004 సునామీలో అండమాన్‌లో ఫోన్లు చచ్చిపోయినప్పుడు, అప్పటికే అక్కడున్న భారతీ ప్రసాద్‌ బృందం హామ్‌ సెట్లతోనే కబుర్లు చేరవేసింది. అయితే ఆదివారం సరదాకి అడవికెళ్లేవాళ్లలో ఆ పరీక్ష రాసే ఓపిక ఎందరికుంటుంది!

ఇవేవీ లేకపోతే మిగిలేది చెంచులు. వాళ్ల గూడేలని పెంటలంటారు. జీపులాగే రాంపూర్‌ పెంట అలాంటిదే. అక్కడి నుంచి లోయలోకి నడకే. ఏ బండ దగ్గర బాట చీలుతుందో, ఎండాకాలంలో నీళ్లెక్కడ దొరుకుతాయో వాళ్లనడిగితే చెబుతారు. పెంట పేరు ఒక్కటి గుర్తుంటే, ఎవరి ద్వారానైనా కబురు పంపినప్పుడు చెక్‌పోస్టులో అంకెలకంటే అదే త్వరగా అర్థమవుతుంది.

లోయ బాటలో దిగేవాళ్లు ‘వస్తున్నం లింగమయ్యా’ అంటారు. ఎక్కేవాళ్లు ‘పోతున్నం లింగమయ్యా’ అంటారు. మలుపు అవతల జనం ఉన్నారో లేదో, ఎటు వెళ్తున్నారో ఆ కేకతోనే తెలిసిపోతుంది. సాయంత్రం బండ్లు మన్ననూర్‌ దగ్గరికి వచ్చేసరికి జేబుల్లో ఫోన్లు ఒక్కసారిగా మోగుతాయి. పొద్దుటి నుంచి పోగుపడ్డ మెసేజీలు. మొదట ఇంటికే చేయాలి, అవతల గడియారం చూస్తూ కూర్చున్నవాళ్లున్నారు.