చదివి వినిపించమన్నందుకు

కోర్టు ధిక్కారం అనగానే మనలాంటి రాసేవాళ్ళకి అరుంధతీ రాయ్ గుర్తొస్తుంది. అఫిడవిట్‌లో రాసిన కొన్ని వాక్యాలకి సుప్రీంకోర్టు 2002 మార్చిలో ఆమెకి ఒకరోజు జైలు, 2000 రూపాయల జరిమానా వేసింది. దాని గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. 2020 జులైలో బీహార్‌లోని అరరియాలో జరిగినదాని గురించి మాత్రం అంతగా మాట్లాడుకోలేదు.

ఆ అమ్మాయికి 22 ఏళ్ళు. తన మీద సామూహిక అత్యాచారం జరిగిందని ఫిర్యాదు చేసి, 10వ తేదీన మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇవ్వడానికి వెళ్ళింది. గంటల తరబడి ఎదురుచూసింది. అంతా రాశాక సంతకం పెట్టమన్నారు. చదివింది తనకి అర్థం కాలేదనీ, తోడొచ్చిన అక్క చదివి వినిపిస్తే పెడతాననీ అంది. మాటా మాటా పెరిగింది. కోర్టు వైపు నుంచి పెట్టిన కేసులో అది అవమానించడం, విధులకి అడ్డు తగలడం అయింది. ఆమెనీ, తోడొచ్చిన ఇద్దరు కార్యకర్తలనీ ఎక్కడో దూరాన ఉన్న దల్సింగ్‌సరాయ్ జైలుకి పంపారు.

కోర్టు కళ్ళెదుటే జరిగే ధిక్కారం విషయంలో చట్టానికి తొందరెక్కువ. అప్పటి ఐపిసి 228 కింద ఆరునెలల దాకా జైలు. సిఆర్‌పిసి 345 ప్రకారం అయితే, ఆ రోజు కోర్టు లేచేలోపు, అవమానం జరిగిందంటున్న ఆ న్యాయాధికారే 200 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. కట్టకపోతే నెల జైలు. 2024 జులైలో కొత్త చట్టాలు వచ్చాక ఆ 200 కాస్తా 1000 అయింది, పద్ధతి అదే. క్షమాపణ చెబితే వదిలేయొచ్చట. ఆ పిల్ల ఏమని చెప్పాలి, అర్థం కాలేదన్నందుకు క్షమించమనా? సాక్ష్యం రాశాక సాక్షికి చదివి వినిపించాలని చెప్పేదీ ఆ చట్టమే కదా!

కాలేజీలో పాఠాలు చెప్పుకునే నేను అప్పుడప్పుడు ఆడవాళ్ళకి తోడుగా కోర్టుకి వెళ్తుంటాను. "వాడు నా జుట్టు పట్టి ఈడ్చాడమ్మా" అన్న మాట కాగితం మీదకొచ్చేసరికి "సదరు ముద్దాయి ఫిర్యాదిపై బలప్రయోగం చేసినట్లు" అయిపోతుంది. "ఇది నేను చెప్పిందేనా మేడమ్?" అని అడుగుతారు. సాహిత్యం చదువుకున్న నాకు అది భాషా సమస్య, వాళ్ళకి బతుకు సమస్య. అదే గదిలో లాయర్లు రోజంతా గొంతు చించుకుంటారు, దాన్ని వాదన అంటారు.

376 మంది న్యాయవాదులు పాట్నా హైకోర్టుకి లేఖ రాశారు. జులై 17న ఆ అమ్మాయికి బెయిలొచ్చింది. మిగతా ఇద్దరూ బయటికి రావడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సొచ్చింది, ఆగస్టు 4 అయింది.

ఇప్పుడు తోడు వెళ్ళేముందు ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను, అర్థం కాకపోతే మళ్ళీ చదవమని అడుగు, కానీ మెల్లగా అడుగు అని. ఆ "మెల్లగా" అనేది నా నోటితో అనాల్సి రావడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. అయినా అంటున్నాను.