తిమింగలము మేత

ఆదివారపు బడిలో యోనా కథ చెబుతుండగా ఒక పిల్లవాడు లేచి, "అయ్యగారూ, తిమింగలం రోజూ ఏం తింటుందండీ?" అన్నాడు. పెద్ద పెద్ద చేపలని చెప్పి కూర్చోబెట్టాము. అన్ని తిమింగలాల సంగతి అది కాదని తరువాత చదివి తెలుసుకున్నాము.

అంటార్కిటికా సముద్రములో సుమారు వంద అడుగులవరకు పెరిగే నీలి తిమింగలమునకు ముఖ్యాహారము క్రిల్. అది చిటికెన వ్రేలంత, రొయ్య వంటి ప్రాణి. తిమింగలము నోరు బార్లా తెరచి, నీటితో సహా ఆ గుంపును పట్టి, పై దవడకు వ్రేలాడే పీచుపలకల గుండా నీటిని బయటకు నెట్టివేస్తుంది. మన ఆడవారు జల్లెడ పట్టినట్టే! వేసవిలో టన్నులకొద్దీ మేసి కొవ్వు దాచుకొంటుంది.

మరుసటి ఆదివారము తప్పు ఒప్పుకొన్నాము. "మరి ఆ రొయ్యలేం తింటాయండీ?" అన్నాడు వాడు.

నీటిలోని సన్నని నాచును. 20వ శతాబ్దములో వేటగాళ్లు దక్షిణ సముద్రాలలో 3 లక్షలకు పైగా నీలి తిమింగలాలను చంపారు. తినేవి పోతే క్రిల్ విస్తరించాలి గదా? అనుకున్నట్టు విస్తరించలేదు. తిమింగలాల పేడలోని ఇనుమే ఆ నాచుకు ఎరువని శాస్త్రజ్ఞులంటారు. పశువులను అమ్ముకున్న రైతు పొలము సంగతి మన సంఘస్థులకు చెప్పనక్కరలేదు.

1986లో వ్యాపారపు వేటపై నిషేధము అమలులోనికి వచ్చింది. ఇప్పుడు ఓడలు క్రిల్‌నే పట్టి, పెంపుడు చేపల మేతకూ నూనె మాత్రలకూ తీసుకొనిపోతున్నవి. ఈ మాట మాత్రం వానికింకా చెప్పలేదు.