ఒక పేరు, నాలుగు ఊళ్ళు

అమెరికాలోనూ అనకాపల్లిలోనూ నోరు తిరగాలి, రెండక్షరాలు దాటకూడదు. మనవాళ్ళు పిల్లల పేర్లకి పెట్టుకునే స్పెసిఫికేషన్ ఇదీ. దీనికి అచ్చంగా సరిపోయే పేరు 'మాయ'.

మా చెల్లి కూతురికి ఆ పేరే అనుకుంటే అమ్మ ససేమిరా అంది. "మాయంటే మోసం కదే! కాన్పయ్యాక పడేది కూడా మాయే."

చెల్లి వాదన చెల్లిది. బుద్ధుడి తల్లి మాయాదేవి. గ్రీకు పురాణాల్లో హెర్మీస్ తల్లి పేరూ దాదాపు ఇదే. హీబ్రూలో 'మయిమ్' అంటే నీళ్ళు, అక్కడి మాయని దానితో ముడిపెడతారు. మెక్సికో, గ్వాటెమాలాల్లో అదొక జాతి పేరు. రచయిత్రి మాయా ఏంజెలో అసలు పేరు మార్గరీట్. చిన్నప్పుడు అన్న 'మై సిస్టర్' అని పిలవబోయి నలిపేసిన ముక్కే మాయా.

అన్నీ ఒకే మాట అనుకోకండి. స్ట్రింగ్ ఒకటే, నేమ్‌స్పేస్‌లు వేరు. శబ్దం కలిసిందని చుట్టరికం కలవదు. అన్నీ సంస్కృతం నుంచే వెళ్ళాయనే ఫార్వర్డ్ మెయిళ్ళు మర్చిపోయేది ఇదే.

పేర్ల సైట్లేమో అన్ని అర్థాలూ ఒకే లైన్లో పేర్చి, ఏరుకోమంటాయి. మనం ఏరుకున్నది పిలిచేవాళ్ళకి వినిపించాలిగా? హీబ్రూ నీళ్ళు మా పెరట్లోకి రావు. అందుకే నా ఓటు అమ్మకి. మాయాబజార్ చూసి మురిసిపోయే ఇల్లే మాది, కానీ సినిమా పేరు వేరు, రోజుకి వందసార్లు పిలిచే పేరు వేరు.

నిఘంటువులో ఎన్ని అర్థాలైనా ఉండనీండి, పిల్లకి అంటుకునేది ఇంట్లో వినిపించేదే. ఏమంటారు?