వినేవాళ్లు అలిసిపోతే

జూన్ నెలలో ఒక మంగళవారం. ఆ రోజు నాకది తొమ్మిదో సెషన్. ఎదురుగా కూర్చున్నావిడ గుడివాడ దగ్గరి పల్లెటూరి నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. కంప్యూటర్‌లో ఆవిడ పేరు చూసి, తలెత్తి, ఎప్పట్లాగే చిరునవ్వుతో అడిగాను.

"బాబు మందులు సరిగ్గా వేసుకుంటున్నాడాండీ?"

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. చేతిలో ఉన్న సంచిని ఒళ్లో సర్దుకున్నారు. తర్వాత చాలా మెల్లగా, నన్నెక్కడ నొప్పిస్తానో అన్నట్టు అన్నారు.

"బాబు లేడు కదమ్మా."

లేడు. ఏప్రిల్లో ఇంటర్ ఫలితాలు వచ్చిన రెండ్రోజులకి పోయాడు. ఆవిడ నా దగ్గరికి వస్తున్నదే అందుకు. అంతకుముందు రెండుసార్లు వచ్చి, గంటకు పైగా ఆ పిల్లాడి గురించే చెప్పారు. క్రికెట్ బ్యాట్ వాళ్ల నాన్నకి కనపడకుండా బియ్యం డబ్బా వెనక దాచేవాడట. హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ముందు గేదె ఎలా ఉందని అడిగేవాడట. ఇవన్నీ నా ఫైల్లో, నా చేతిరాతలోనే ఉన్నాయి. నేను మందుల గురించి అడగాల్సిన బాబు ఇంకొకావిడ కొడుకు. ఆవిడ టైము అయిదున్నరకి.

(ఆవిడ ఎవరో తెలియకుండా ఊరు, వివరాలు మార్చే రాస్తున్నాను. నేను చేసిన తప్పు మాత్రం మార్చలేదు.)

నోటికొచ్చినట్టు క్షమాపణలు చెప్పాను. ఆవిడ "పర్లేదమ్మా" అన్నారు. టేబుల్ మీదున్న నీళ్ల సీసా నావైపు జరిపి, "మీకు ఒంట్లో బాగోలేనట్టుంది, కళ్లు పీక్కుపోయాయి. నిద్ర పోతున్నారా?" అని అడిగారు. కొడుకు పోయిన మనిషి, డబ్బు కట్టి, రెండు బస్సులు మారి వచ్చి, నా నిద్ర గురించి అడుగుతున్నారు.

ఇంతకన్నా నన్ను భయపెట్టిన విషయం ఇంకోటుంది. ఆ క్షణంలో నాకు సిగ్గేసింది గానీ ఏడుపు రాలేదు. ఆవిడ బాధ నన్ను తాకనే లేదు. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ తలాడిస్తూనే ఉన్నాను. మనసులో మాత్రం గ్యాస్ బుక్ చేశానా లేదా అని లెక్కేసుకుంటున్నాను.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సైకాలజిస్టుని. ఈ పనిలోకి వచ్చి 14 ఏళ్లయింది. మొదట్లో రోజుకి నలుగురో అయిదుగురో వచ్చేవాళ్లు. ఎవరైనా చూస్తారేమోనని కొందరు ముఖానికి చున్నీ చుట్టుకుని వెనక మెట్ల మీదుగా వచ్చేవాళ్లు. ఇప్పుడా భయం చాలావరకు పోయింది. అది మంచిదే. కానీ వచ్చేవాళ్లు పెరిగినంతగా వినేవాళ్లు పెరగలేదు. మన దేశంలో లక్ష మంది జనాభాకి ఒక సైకియాట్రిస్టు కూడా లేరు. మా సైకాలజిస్టుల సంఖ్యా అంతే. ఇక విజయవాడ సంగతి చెప్పక్కర్లేదు. ఎటు చూసినా ఇంటర్ హాస్టళ్లే. మార్చిలో పరీక్షలు, ఏప్రిల్లో ఫలితాలు, ఆ తర్వాత మా ఓపీ. ఆ రెండు మూడు నెలలూ నా రోజు లెక్క పదకొండు, ఒక్కోసారి పన్నెండు సెషన్లు. మధ్యాహ్నం పెరుగన్నం టేబుల్ దగ్గరే, ఒక చేత్తో నోట్సు రాస్తూ, మరో చేత్తో తినేదాన్ని.

సూచనలు ముందే కనిపించాయి. నేనే చూడలేదు. ఎవరైనా అపాయింట్‌మెంట్ రద్దు చేసుకున్నారని రిసెప్షన్ అమ్మాయి చెబితే ప్రాణం లేచొచ్చినట్టుండేది. పైకి మాత్రం "అయ్యో, అవునా" అనేదాన్ని. ఆదివారం సాయంత్రం నాలుగయ్యేసరికి కడుపులో తిప్పేది. తెనాలి నుంచి మా అమ్మ వచ్చి నెల్లాళ్లు ఉంది. ఒకరోజు రాత్రి, "ఊళ్లో అందరి గోడూ వింటావు. నా మోకాలి నొప్పి గురించి చెప్తే మాత్రం ఫోన్ చూస్తావేమే?" అంది. నవ్వేసి ఊరుకున్నాను. నిజానికి ఇంట్లో ఎవరైనా "నీకో మాట చెప్పాలి" అంటే చాలు, పారిపోవాలనిపించేది.

ఈ వృత్తిలో ఇంకో చిక్కుంది. మా ఆయన బ్యాంకులో పనిచేస్తారు. అన్నం తింటూ వాళ్ల మేనేజర్‌ని నాలుగు తిట్లు తిట్టుకుని, చెయ్యి కడుక్కునేసరికి తేలికపడిపోతారు. నేనేం చెప్పుకోను? విన్నదేదీ గడప దాటకూడదు. పేరు చెప్పకూడదు, ఊరు చెప్పకూడదు. ఒక్కోసారి ఆ మనిషి చేసే ఉద్యోగం చెప్పినా ఎవరో తెలిసిపోతుంది. ఉండేదేమో చిన్న ఊరు. అందుకని "ఎలా గడిచింది ఇవాళ?" అని అడిగితే "ఆఁ, మామూలే" అంటాను. పద్నాలుగేళ్ల "మామూలే"లు ఎక్కడికి పోతాయి?

నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. ఆ మంగళవారానికి సరిగ్గా పది రోజుల ముందు, మా ఆసుపత్రి వాళ్లు సిబ్బందికి "పని ఒత్తిడి, నివారణ మార్గాలు" అని ఒక కార్యక్రమం పెట్టారు. శనివారం సాయంత్రం ఏడింటికి, ఓపీ అయ్యాక. వక్తను నేనే. గాఢంగా ఊపిరి పీల్చుకోండి, రోజూ అరగంట నడవండి, ఇష్టమైన సంగీతం వినండి అని స్లైడ్లు చూపిస్తుంటే వెనక వరసలో ఇద్దరు నర్సులు గోడకానుకుని నిద్రపోతున్నారు. వాళ్లని లేపకండని చెప్పాను. ఆ సాయంత్రం నేను చేసిన మంచి పని అదొక్కటే అనుకుంటాను.

నడక, యోగా, ధ్యానం వద్దనను. నేనూ చేస్తాను. పొద్దున్నే ప్రకాశం బ్యారేజి మీద గాలికి నడుస్తుంటే హాయిగానే ఉంటుంది. కానీ రోజుకి పన్నెండు మంది కన్నీళ్లు వినే మనిషికి అరగంట నడక చాలదు. కుండకి కింద చిల్లు పెట్టి, పైన నీళ్లు పోసుకోమన్నట్టుంటుంది. ఆ చిల్లు సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తితే పేషెంట్ల సంఖ్య తగ్గించాలి, మనుషుల్ని పెంచాలి. దానికి డబ్బవుతుంది. స్లైడ్లకి కాదు.

ఆ రాత్రి మా పాత ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను. రిటైరై హైదరాబాద్‌లో ఉంటున్నారు. నాకు ఈ పని నేర్పింది ఆయనే. జరిగింది చెప్పాను. "అయ్యో" అనలేదు, "పర్లేదు" అనీ అనలేదు. "ఎన్నాళ్ల నుంచి నిద్ర పట్టట్లేదమ్మా?" అన్నారు. ఒకే రోజులో ఇద్దరు అడిగారు అదే ప్రశ్న. అప్పుడొచ్చింది ఏడుపు.

మర్నాడు ఆయన చెప్పినట్టే మాస్లాక్ ప్రశ్నాపత్రం నింపాను. క్రిస్టీనా మాస్లాక్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1981లో సహచరురాలితో కలిసి తయారు చేసిన 22 ప్రశ్నల కొలబద్ద అది. నేనే ఎంతమందికో ఇచ్చి ఉంటాను. ఎదుటివాళ్లు మనుషుల్లా కాక కేసుల్లా కనిపించడం మొదలైందా అన్నది అందులో ఒక భాగం. ఆ భాగంలో నాకొచ్చిన మార్కులు చూసి పెన్ను పక్కన పెట్టేశాను. అయిదున్నర కేసు, ఆరింటి కేసు. నిజమే, నా బుర్రలో వాళ్లంతా అలాగే ఉన్నారు. ఒకరి కొడుకు ఇంకొకరి కొడుకైపోవడంలో వింతేముంది?

అసలు "బర్నవుట్" అన్న మాటని 1974లో వైద్య వ్యాసాల్లోకి తెచ్చిందే మా వాడు. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అని న్యూయార్క్ సైకాలజిస్టు. పగలంతా సొంత ప్రాక్టీసు చూసుకుని, సాయంత్రాలు ఉచిత క్లినిక్‌లో పొద్దుపోయేదాకా పనిచేసేవాడు. తోటి వలంటీర్లలోనూ, తనలోనూ చూసిందే రాశాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో దీనికి వివరణ ఇచ్చింది. జబ్బుగా కాదు, పనికి సంబంధించిన స్థితిగా. తగ్గని నీరసం, పని మీద విముఖత, ఏం చేసినా ఫలితం లేదన్న భావన. సంవత్సరాల తరబడి దీన్ని పవర్‌పాయింట్‌లో చూపించినదాన్ని. తెలిసిన జబ్బే అయినా తనకొస్తే డాక్టరు ఆఖరున గుర్తిస్తాడంటారే, అలా అయింది.

ఇంకో మాట కూడా ఆయనే అడిగారు. ఆ తల్లికి నేను ఫోన్ చేసి మళ్లీ క్షమాపణ చెప్పాలనుకున్నాను. "ఆ ఫోన్ ఆవిడ కోసమా, నీ కోసమా?" అన్నారు. జవాబు నాకు తెలుసు. ఆవిడ ఇంకోసారి "పర్లేదమ్మా" అంటే నాకు తేలికవుతుంది. తన దుఃఖంలో తానుండక, నన్ను ఓదార్చే పని కూడా ఆవిడ మీదే పెట్టినట్టవుతుంది. ఫోన్ చేయలేదు. కావాలంటే వేరే కౌన్సెలర్‌ని కలవచ్చని, ఇప్పటివరకు చెప్పినదంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోనక్కర్లేదని, ఆవిడ ఒప్పుకుంటే నోట్సు ఇస్తామని రిసెప్షన్ ద్వారా కబురు చేయించాను. ఆవిడ ఒప్పుకున్నారు. మా ఆసుపత్రిలోనే మూడో అంతస్తులో కూర్చునే చిన్నమ్మాయి దగ్గరికి మారారు. మనసు చివుక్కుమంది. కానీ అదే సరైంది.

పది రోజులు సెలవు పెట్టాను. మొదటి నాలుగు రోజులు పడుకునే ఉన్నాను. అయిదో రోజు మా అమ్మ మోకాలికి నూనె రాస్తూ, ఆవిడ చెప్పేదంతా విన్నాను. సగం మా మేనత్త మీద చాడీలే.

తిరిగొచ్చాక మేనేజ్‌మెంట్‌తో మాట్లాడాను. రోజుకి ఆరు సెషన్లే చూస్తానని, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య పావుగంట కావాలని చెప్పాను. వాళ్ల ముఖాలు మారాయి. "మరి వెయిటింగ్ లిస్టు సంగతేంటి మేడమ్?" అన్నారు. అది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. నేను అయిదుగురిని తగ్గిస్తే ఆ అయిదుగురు ఎక్కడికి పోతారు? ఆ ప్రశ్న నన్నిప్పటికీ గుచ్చుతూనే ఉంది. నెల రోజులు వాదనలయ్యాక ఒప్పుకున్నారు. సెషన్‌కి ఇంతని లెక్క కాబట్టి నాకు నెలకి దాదాపు ఇరవై వేలు తగ్గింది. ఇంటి లోను వాయిదా అలాగే ఉంది. కారు మార్చాలన్న మాట మళ్లీ ఎత్తలేదు మేం. "నీ ఆరోగ్యం చూసుకో" అనే సలహాకి ఖర్చుంటుందని ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నాను. ఆ ఖర్చు పెట్టుకోలేని జూనియర్లు, కాంట్రాక్టు మీద పనిచేసే స్కూలు కౌన్సెలర్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లకి నేను ధ్యానం చేసుకోమని చెప్పలేను.

రెండు వారాలకోసారి గురువారం రాత్రి ప్రొఫెసర్ గారితో వీడియోలో గంటసేపు మాట్లాడతాను. పేర్లుండవు. ఏ కేసులో నేనేం చేశాను, ఎక్కడ విసుక్కున్నాను, ఎక్కడ భయపడ్డాను, అంతే. చదువుకునేటప్పుడు దీన్ని సూపర్‌విజన్ అనేవాళ్లం. పట్టా చేతికొచ్చాక మనకెందుకులే అని మానేశాం. వేరే ఊళ్లో ఒక థెరపిస్టు దగ్గరికి నేనే పేషెంట్‌గా కొన్నాళ్లు వెళ్లాను. మొదటి రోజు ఆ గదిలో టిష్యూ డబ్బా ఎక్కడుందా అని వెతుక్కుంటే, అది సరిగ్గా నేను నా గదిలో పెట్టే చోటే ఉంది. ఇద్దరం నవ్వుకున్నాం.

అన్నిటికన్నా కష్టమైంది ఫోన్. పేషెంట్లందరికీ నా సొంత నంబరే ఇచ్చేదాన్ని. అర్ధరాత్రి మోగినా ఎత్తేదాన్ని. దాన్ని గొప్ప అనుకునేదాన్ని కూడా. ఇప్పుడు దానికి వేరే సిమ్ ఉంది. రాత్రి ఎనిమిదిన్నరకి ఆపేస్తాను. కార్డు వెనక 14416 అని పెద్ద అంకెలతో అచ్చు వేయించాను. అది 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు. ఉచితం. పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయచ్చు, తెలుగులో మాట్లాడచ్చు. మొదటి సెషన్‌లోనే ఆ నంబరు వాళ్ల ఫోన్లో వాళ్ల చేతే సేవ్ చేయిస్తాను. ఇంట్లో ఎవరికి ముందు చెప్పాలో కూడా అప్పుడే మాట్లాడుకుంటాం. ఇంత చేసినా, పొద్దున ఆరింటికి ఆ సిమ్ ఆన్ చేసేటప్పుడు ఇప్పటికీ నా బొటనవేలు ఒక్క క్షణం ఆగుతుంది. మిస్డ్ కాల్ ఏదీ లేకపోతే అప్పుడు కాఫీ పెట్టుకుంటాను.

మొన్న లిఫ్ట్ దగ్గర ఆవిడ కనిపించారు. ఆ చిన్నమ్మాయి దగ్గరికి వెళ్తున్నారు. తలొంచుకుని పక్కకి తప్పుకుందామనుకున్నాను. ఆవిడే దగ్గరికొచ్చారు. అదే సంచి చేతిలో. నా ముఖంలోకి ఓసారి చూసి, "ఇప్పుడు నిద్ర పడుతోందా అమ్మా?" అన్నారు.

"పడుతోందండీ. మీకు?"

"అప్పుడప్పుడు" అన్నారు.

లిఫ్ట్ వచ్చింది. ఆవిడ పైకి వెళ్లారు. నేను మెట్లు దిగి నా గదికి వచ్చాను. తర్వాతి అపాయింట్‌మెంట్‌కి ఇంకా పది నిమిషాలుంది. ఫైలు తీసి, ఆ పేరు, ఆ ఇంట్లోవాళ్ల పేర్లు, రెండుసార్లు చదువుకున్నాను.