దీపము ఆరినదా?

మీలో అనేకుల ఇండ్లలో ఇప్పుడు ఇంటర్నెట్ ఉన్నది. కొందరికి అది చేతిలోని ఫోనులో వచ్చును, కొందరికి గోడకు బిగించిన పెట్టెలో వచ్చును. 2021వ సంవత్సరములో నా ఇంటనున్నది మాత్రము డాంగిల్ అనబడు ఒక చిన్న పుల్ల. అది అగ్గిపెట్టెకంటె కొంచెము పొడవు. ఫోనులో వేయునట్టి సిమ్మునే దాని లోపల వేసి, లాప్‌టాప్ ప్రక్కనున్న యు.ఎస్.బి. రంధ్రములో గ్రుచ్చినయెడల, టవరునుండి ఇంటర్నెట్ తెచ్చి ఇచ్చును. ఆ పుల్ల నన్ను ఏడు వారములు వేధించెను. నేనేమో దానికొరకు ఇద్దరిని నొప్పించితిని. ఆ సంగతి మీకు వ్రాయవలెనని చాల దినములనుండి అనుకొనుచున్నాను.

మేము అప్పుడు కాపురమున్నది తాండూరులో. తాండూరు బండను మీరెరుగుదురు. మీ గుడి వసారాలో పరచినది అదియే కావచ్చును. మా ఇంటి గోడలు కూడ ఆ రాతితో కట్టినవే, అడుగున్నర మందము. ఎండకాలములో ఆ ఇంటిలో అడుగుపెట్టినవాడు మరల బయటికి పోవుటకు ఇష్టపడడు. ముందు వసారాకు ఇనుప రేకులు వేసిరి.

ఆ యేడు కరోనా చేత బడులు మూతబడియుండగా, జూలై 1వ తేదీనుండి పాఠములు ఇంటర్నెట్‌లో చెప్పసాగిరి. మా వీధిలో ముగ్గురు పిల్లల ఇండ్లలో అట్టి ఫోను లేదు. వారు మా ఇంటికి వచ్చి నా పాత లాప్‌టాప్ ముందు వంతులవారీగా కూర్చొనిరి. వారిలో పెద్దది ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరపు పిల్ల. తండ్రి లేడు. తల్లి బండ పాలిషు చేయు చోట కూలికి పోవుచుండెను. ఆ పిల్ల వ్రాసికొనునంత శ్రద్ధగా నేను వేదాంత పాఠశాలలో ఎన్నడును వ్రాసికొనలేదు.

అయితే పాఠము పదిహేను నిమిషములు సాగగానే తెగిపోవును. మరల కలుపుటకు నాలుగైదు నిమిషములు పట్టును. అంతలో ఉపాధ్యాయుడు లెక్క ముగించియుండును. మరీ విచిత్రమేమనగా, ఆ పిల్ల ప్రశ్నకు జవాబు చెప్పుటకు మైకు నొక్కి నోరు తెరవగానే తెగిపోవుట నేను అనేక పర్యాయములు చూచితిని.

నేను మొదట టవరును నిందించితిని. తరువాత కంపెనీని. వారికి ఫోను చేయగా, ఆపివేసి మరల పెట్టుడని చెప్పిరి. దినమునకు పది పర్యాయములు ఆ పనియే చేయుచున్న వానికి ఆ సలహా ఎట్లుండునో మీరే తలంచుడి. అటుపిమ్మట దానిని అమ్మినవానిమీద నా కోపము మళ్లెను. డాంగిల్ కొన్నది వికారాబాదులో ఒక చిన్న దుకాణమునందు. బస్సెక్కి పోతిని.

దుకాణములోని పిల్లవాడు ఇరువది యేండ్లవాడు. నా డాంగిల్ తీసికొని తన కంప్యూటరుకు గ్రుచ్చెను. అది అరగంటసేపు ఒక్కమారైనను తెగకుండ నడిచెను. నాకు తల కొట్టివేసినట్లాయెను. “అయ్యగారూ, దీన్ల ఖరాబు ఏం లేదు. ఇంటికాడ నడుమ వైరు ఏమన్న పెట్టిండ్రా?” అని అడిగెను. నేను ఆ ప్రశ్న వినినట్టే వినక, “అన్నీ సరిగానే ఉన్నవి. పాత సరుకు అంటగట్టి మాటలు చెప్పుచున్నావా?” అంటిని. అంగడిలో నలుగురు మనుష్యులుండిరి. ఆ పిల్లవాడు తల వంచుకొని డాంగిల్ నా చేతిలో పెట్టెను.

తిరుగు ప్రయాణములో బస్సు అనంతగిరి ఘాటు రోడ్డులో వంపులు తిరుగుచుండగా నా జేబులోని ఫోనుకు సిగ్నల్ పోయెను. మరి కొంతదూరము పోగా వచ్చెను. కొండ అడ్డమువచ్చినది గనుక పోయెనని బస్సులోని చిన్న బిడ్డకు కూడ తెలియును. అడుగున్నర రాతిగోడల మధ్య కూర్చుండు నాకు మాత్రము అది తోచలేదు.

ఇల్లు చేరిన మరునాడే పాఠము మధ్యలో మరల తెగెను. ఆ పిల్ల చేయి మైకు గుర్తుమీదనే ఉండెను. “మీరు ఊరక ముట్టుకొనుటవలననే ఇది పాడగుచున్నది” అని నేను గట్టిగా అంటిని. ఆమె ఏమియు పలుకలేదు. మరునాడు రాలేదు. ఆ మరునాడును రాలేదు. తల్లిని అడిగితే, “అయ్యగారికి కష్టమైతున్నదట, నేను పోనమ్మా అన్నది” అనెను.

నా భార్య అనేక సంవత్సరములు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసినది. ఆ రాత్రి ఆమె నన్ను ఒక మాట అడిగెను: “ఏమండీ, అది పోయినప్పుడు దాని దీపము ఆరుచున్నదా, వెలుగుచునే ఉన్నదా?” డాంగిల్ మీద చిన్న దీపమొకటి ఉండును. ఏడు వారములు దాని ముందు కూర్చున్న నేను జవాబు చెప్పలేకపోతిని. “జ్వరము ఏ వేళకు వచ్చుచున్నదో వ్రాయకుండ మందు మార్చుచు పోయిన రోగి ఏమగును?” అని ఆమె నిద్రపోయెను.

మరుసటి ఉదయమున ఒక నోటుపుస్తకము తీసి గీతలు గీసితిని. తెగిన వేళ, దీపము ఆరినదా లేదా, లాప్‌టాప్ శబ్దము చేసినదా లేదా, అప్పుడు ఎవరు ఏమి చేయుచుండిరి. డాంగిల్ ఊడదీసినప్పుడు లాప్‌టాప్ ఒక శబ్దము చేయును, మీరు వినియుందురు. నాలుగు దినములలో ఇరువదిమూడు పర్యాయములు తెగెను. వాటిలో పదునాలుగు సార్లు దీపము ఆరెను, ఎవరును ముట్టకున్నను ఊడదీసినట్టి శబ్దము వచ్చెను. అవన్నియు పగటివేళ, పాఠములు జరుగునప్పుడు. మిగిలిన తొమ్మిది సార్లు దీపము వెలుగుచునే ఉండెను, శబ్దము లేదు, పుటలు మాత్రము తెరచుకొనలేదు. అవన్నియు రాత్రి ఏడు గంటలకును పదింటికిని మధ్య.

నేను ఒక రోగమనుకొన్నది రెండు రోగములని అప్పుడు తెలిసెను. రెంటికిని ఒకే మందు వెదకుచుంటిని గనుకనే ఏదియు పనిచేయలేదు.

దీపము ఆరి శబ్దము వచ్చెనా, టవరుకును కంపెనీకిని దానితో సంబంధము లేదు. లాప్‌టాప్‌కును డాంగిల్‌కును మధ్య సంబంధము తెగినదన్నమాట. ఇంక ఆ రెంటికి మధ్య ఏమున్నదో చూచితిని. వైరు! ఇంటిలోపల సిగ్నల్ తక్కువని, డాంగిల్‌ను కిటికీ ఊచలకు వ్రేలాడదీయుటకు అయిదు మీటర్ల పొడుగు వైరు నేనే తెచ్చి పెట్టితిని. రోడ్డు ప్రక్క బండిమీద అన్నిటికంటె చవుకైనది ఏరి తెచ్చితిని. వికారాబాదులో ఆ పిల్లవాడు అడిగినది దానినిగూర్చియే.

ఇది జరుగు విధము చెప్పెదను. ఆ రంధ్రమునుండి వచ్చు కరెంటు అయిదు వోల్టులు. పాతరకపు రంధ్రము 500 మిల్లీ ఆంపియర్లకు మించి ఇయ్యవలసిన పనిలేదు. డాంగిల్ వినుట మాత్రమే కాదు, టవరుతో మాటలాడవలెను కూడ. టవరు దగ్గరనున్నప్పుడు మెల్లగా మాటలాడును. దూరముగానో గోడల చాటుననో ఉన్నప్పుడు గొంతెత్తి అరచును, అప్పుడు ఎక్కువ కరెంటు త్రాగును. సన్నని రాగి తీగెలో అయిదు మీటర్లు పోవుసరికి వోల్టులు తగ్గును. కాలువ సన్నమైనప్పుడు చివరి మడికి నీరందదు కదా, ఆలాగే. చాలినంత అందనప్పుడు డాంగిల్ స్పృహదప్పి పడిపోయి, మరల లేచును. పాఠము వినునప్పుడు అది ఎక్కువగా పుచ్చుకొనును, పంపునది కొంచెమే. పిల్ల మైకు నొక్కి జవాబు చెప్పబోగా ఆమె గొంతును టవరుకు పంపవలసివచ్చును. అప్పుడే దాని ఆకలి పెరుగును. కాబట్టి ఆమె నోరు తెరచినప్పుడే తెగినమాట నిజము. ఆమె తప్పు చేసినదనుట అబద్ధము. వికారాబాదు దుకాణములో తెగకపోవుట కూడ నిజమే. అక్కడ వైరు లేదు, టవరు దగ్గర.

వైరు తీసివేసి డాంగిల్ నేరుగా గ్రుచ్చితిని. దీపము ఆరుట ఆ దినమే మానెను. అయితే లోపలి గదిలో సిగ్నల్ చాలదు. డాంగిల్‌తో వచ్చిన పుటలో సిగ్నల్ బలము అంకెలలో చూపును. దానిని నేను అంతకు ముందు తెరచి చూడలేదు. అంకె సున్నకు క్రిందిది. సున్నకు ఎంత దగ్గరయితే అంత మంచిది. లోపలి గదిలో మైనస్ 114. కిటికీయొద్ద మైనస్ 106. టవరు వైపు తెరచియున్న వసారా అంచున మైనస్ 94. ఈ లెక్కలో పది తేడా యనగా పదింతలు, ఇరువది తేడా యనగా నూరింతలు. నాలుగు గజములు బల్ల జరిపినందున నూరింతలు! రేకు తలమీదనున్నది గాని ప్రక్కనుండి వచ్చు అలకు అడ్డములేదు. రాయి అలను కొంత మ్రింగును. ఇనుప రేకు దానిని వెనుకకు త్రిప్పికొట్టును.

అలలన్నియు ఒకే తీరువి కావు. మన ఫోనులకు వాడు 4జి అలలలో 850 మెగాహెర్ట్జ్ అల సుమారు 35 సెంటీమీటర్ల పొడవు, 2300 మెగాహెర్ట్జ్ అల సుమారు 13 సెంటీమీటర్లు. పొడుగు అల గోడలను కొంత మేలుగా దాటును, పొట్టి అల త్వరగా అలసిపోవును. మా జిల్లాలోనే పూడూరు మండలమందలి దామగుండం అడవిలో, నౌకాదళమువారి కేంద్రమునకు 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్‌గారు శంకుస్థాపన చేసిరి. అది వాడు అలల పొడవు పది కిలోమీటర్లకు పైమాటే. అవి సముద్రపు నీటిలో కొంత లోతువరకు దిగి, జలాంతర్గాములకు మాట చేర్చును. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర అట్టిది 1990నుండి ఉన్నది. అక్కడ పడగొట్టబడు చెట్లనుగూర్చి నాకు వ్యసనమున్నది గాని అది వేరు సంగతి. సముద్రము లోపలికి పోవు అలకు పది కిలోమీటర్ల పొడవు కావలసివచ్చినప్పుడు, జానెడైనను లేని నా అల అడుగున్నర తాండూరు బండలోనుండి దూరి రావలెనని నేను కోరితిని.

ఇక రెండవ రోగము, అనగా దీపము వెలుగుచుండగా పుటలు తెరచుకొనని రాత్రులు. దానికి నా ఇంటిలో మందు లేదు. టవరు బోరింగు వంటిది. బిందెలు ఎక్కువైనకొలది వరుస పొడుగగును. రాత్రి భోజనవేళ ఊరంతయు ఫోనులు చూచును. నేను చేసినదేమనగా, పెద్ద పాఠములను తెల్లవారుజామున అయిదింటికి లేచి దించి ఉంచితిని. ఆ వేళ బోరింగు దగ్గర ఎవరును ఉండరు.

మీలో ఎవరైనను 3జి కాలపు పాత డాంగిల్ పెట్టెలోనుండి తీసి వాడదలచినయెడల, శ్రమపడకుడి. 2019నుండి కొన్ని కంపెనీలు 3జిని మూసివేయసాగెను. దానిలో దీపము వెలిగినను నడక నత్తనడకయే.

ఆగస్టు 20వ తేదీ ప్రాంతమున నేను ఆ పిల్ల ఇంటికి పోయితిని. తల్లి ముందరనే, తప్పు నాదని, వైరుదని, ఆమె చేతిది కాదని చెప్పితిని. ఆ పిల్ల మొదట నమ్మలేదు. పెద్దలు అట్లు చెప్పుట ఆమె వినియుండదు. నోటుపుస్తకము చూపించితిని. ఆమె గీతలన్నియు చదివి, “అయితే నేను మాట్లాడొచ్చా?” అని అడిగెను. ఆమెకు పోయిన పాఠములు నేను తిరిగి ఇయ్యలేకపోతిని. సెప్టెంబరు 1న కళాశాలలు తెరచువరకు మిగిలిన పది దినములు మాత్రము వసారా అంచున కూర్చుండి, అడిగిన ప్రతి ప్రశ్నకు జవాబు చెప్పెను.

వికారాబాదు పోవుటకు నాకు మరి కొన్ని దినములు పట్టెను. పని ఉన్నదని చెప్పుకొంటిని. పని లేదు. చివరకు పోయినప్పుడు అంగడిలో మరల ముగ్గురు నలుగురున్నారు. వారు పోవువరకు ఆగుదమనిపించెను గాని, తిట్టినది నలుగురిలో గనుక ఆగలేదు. నేను చెప్పినదంతయు విని ఆ పిల్లవాడు, “వైరు ఎంత పొడుగుండె, అయ్యగారూ?” అని అడిగెను. అయిదు మీటర్లంటిని. అతడు నవ్వు ఆపుకొనలేక బల్ల క్రిందికి వంగి, అడుగు పొడుగు దళసరి వైరు ఒకటి తీసి నా ముందు పెట్టెను. “కిటికీకి కట్టాలంటే ఇది కట్టుండ్రి. అరవై రూపాయలు.”

ఇచ్చి తెచ్చుకొంటిని.