రెండు స్కార్ఫులు

నా పిహెచ్.డి. వైవాలో చివరి ప్రశ్న చాలా తేలికైనదే. తెలుగు స్త్రీల యాత్రారచనల మీద అయిదేళ్ళు పనిచేశాను కదా, మీరు స్వయంగా దూరప్రయాణాలేమైనా చేశారా అని అడిగారు. "పెద్దగా లేదండీ" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అది అబద్ధం. పదహారేళ్ళ వయసులో ఇంగ్లండులో పన్నెండు రోజులు గుడారంలో ఉండి వచ్చినదాన్ని. 1870లలో ఇంగ్లండు వెళ్ళొచ్చిన పోతం జానకమ్మ రాఘవయ్య గురించి, 1876లో మద్రాసులో అచ్చయిన ఆమె ఇంగ్లీషు పుస్తకం గురించి థీసిస్‌లో ఒక అధ్యాయమంతా రాశాను. నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక'లో యాత్ర చేసే స్త్రీ గొంతు ఎలా మారుతుందో పేజీల కొద్దీ విశ్లేషించాను. ఆ స్త్రీలు ఏం చెప్పారు, ఏం చెప్పకుండా దాటేశారు అని వెతికాను. నా ప్రయాణం గురించి మాత్రం ఎక్కడా ఒక్క వాక్యం రాయలేదు. ఎందుకు రాయలేదో ఇప్పుడు రాయాలనిపిస్తోంది.

మాది కాజీపేట రైల్వే కాలనీ. నాన్న లోకోషెడ్డులో ఫిట్టరు. రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్‌కి ప్రత్యేకంగా ఒక విభాగం ఉంటుంది. అలా కాలనీ ఆడపిల్లలం చాలామందిమి గైడ్స్‌లో చేరాం. మాది తామర పెట్రోల్. మగపిల్లల పెట్రోల్స్‌కి పులి, సింహం లాంటి పేర్లుండేవి, మావన్నీ పువ్వులే. మా పెట్రోల్ లీడర్‌ని మేమెవరమూ పేరుతో పిలిచేవాళ్ళం కాదు. లీడర్ అనే అనేవాళ్ళం. ఇప్పటికీ నా ఫోనులో ఆమె పేరు అలాగే ఉంది.

లీడర్ కళ్ళు మూసుకుని బౌలైన్ ముడి వేసేది. వానలో కూడా పొయ్యి రాజేసేది. ప్రథమ చికిత్స పోటీల్లో కట్టు కడితే పరీక్షకు వచ్చినవాళ్ళు విప్పడానికి మనసొప్పక అలాగే చూస్తుండిపోయేవాళ్ళు. నేను పుస్తకం చదివి జవాబులు బాగా రాసేదాన్ని. ఇద్దరికీ రాజ్యపురస్కార్ వచ్చింది కానీ ఆమెది చేతుల్లో ఉన్న విద్య, నాది నోట్లో ఉన్న విద్య.

2007 నాటికి స్కౌటింగ్ మొదలై నూరేళ్ళు. ఆ ఏడాది జూలై 27 నుంచి ఆగస్టు 8 వరకు ఇంగ్లండులో, ఎసెక్స్ జిల్లా చెమ్స్‌ఫర్డ్ దగ్గర హైలాండ్స్ పార్కులో 21వ ప్రపంచ స్కౌట్ జాంబోరీ. మా వైపు నుంచి ఒక్క అమ్మాయికే చోటుంది. జాబితాలో మొదటి పేరు లీడర్‌ది, రెండోది నాది. లీడర్ వాళ్ళ బాపు అంగీకారపత్రం మీద సంతకం పెట్టనన్నాడు. "మగపిల్లలతోని పదిహేను రోజులు బయట తిరిగొచ్చిన పిల్లకు సంబంధం ఎవడు తెస్తడు?" అన్నాడట. వాళ్ళమ్మ ఏడ్చింది, మా గైడ్ కెప్టెన్ మేడమ్ ఒకసారి వెళ్ళి మాట్లాడి వచ్చింది. అంతే.

మా నాన్నా లీడర్ వాళ్ళ బాపూ ఒకే షిఫ్టు. ఆ రాత్రి అన్నం తింటూ నాన్న, "నేను పోయి ఆయనకు నచ్చజెప్పనా?" అని అడిగాడు. "వద్దు నాన్నా, ఆయన వినడు" అన్నాను. వింటాడో వినడో నాకు తెలియదు. నాన్న మాటంటే ఆయనకు గౌరవమని మాత్రం తెలుసు. నాన్న ఇంకేమీ అనకుండా తిని లేచాడు. మరుసటి వారం నా పేరు ఖాయమైంది, నాన్న సొసైటీలో లోను పెట్టాడు.

గైడ్ నియమాల్లో ఒకటి, గైడ్ అందరికీ స్నేహితురాలు, తోటి గైడ్లందరికీ సోదరి అని చెబుతుంది. వారం వారం చెయ్యెత్తి అప్పజెప్పిన మాటే అది. దాన్ని నేను కంచం ముందు కూర్చుని, ఒక్క చిన్న వాక్యంతో దాటేశాను. దాటేశానని ఆ క్షణంలోనే తెలుసు కూడా.

బయల్దేరే ముందు రోజు లీడర్ వచ్చి తన గ్రూపు స్కార్ఫు నా చేతిలో పెట్టింది. మూలన ఎర్రదారంతో తన పొడి అక్షరాలు కుట్టి ఉన్నాయి. "నేను రాకుంటే ఏంది, ఇదన్న లండన్ చూసి రానీ" అంది. "తిరిగి తీసుకరా" అని కూడా అంది.

హైలాండ్స్ పార్కులో నూటయాభైకి పైగా దేశాల పిల్లలు, దాదాపు నలభై వేల మంది. అన్ని గుడారాలు ఒక్కచోట చూస్తే కొత్త ఊరు వెలిసినట్టుంది. రాత్రి తొమ్మిదికి గానీ చీకటి పడదు. చీకటి పడ్డాక మాత్రం జూలై నెలలో వణికించే చలి. అమ్మ పెట్టిన దుప్పటి కప్పుకుని, స్లీపింగ్ బ్యాగులో దూరి, దాని మీద నాన్న షెడ్డు స్వెట్టరు వేసుకుని పడుకునేదాన్ని.

ముప్ఫై ఆరుగురు పిల్లలు ఒక ట్రూపు, తొమ్మిదిమంది ఒక పెట్రోల్. వంట మాదే. మూడోరోజు నా వంతు వచ్చింది, ఆ రోజే బయట చేరాను. ఇంట్లో అయితే మూడు రోజులు వంటింటి గడప దాటనివ్వరు. ఎవరికి చెప్పాలో తెలియలేదు. చెబితే ఏమంటారోనని భయం, చెప్పకపోతే ఏమవుతుందోనని భయం. చివరికి ఎవరికీ చెప్పకుండా టమాటా అన్నం వండాను. తొమ్మిదిమందీ తిన్నారు, ఒకరిద్దరు మారు వడ్డించుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. సాయంత్రం గిన్నెలు తోముతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. స్త్రీవాదం అనే మాట అప్పటికి నేను విని ఉండలేదు. కానీ నాకు సంబంధించినంతవరకు అది ఆ గిన్నెల దగ్గరే మొదలైందని ఇప్పుడు అనుకుంటాను.

ఇంకోరోజు ఎక్కేగోడ దగ్గర నడుముకు తాడు బిగించే అమ్మాయి నా చున్నీ చూపించి తీసెయ్యమంది. తాడులో చిక్కుకుంటే ప్రమాదం. చుట్టూ మగపిల్లలు. పిన్నులు ఒక్కొక్కటే తీస్తుంటే చేతులు వణికాయి. తీశాక రెండు నిమిషాల్లో ఆ సంగతే మరిచిపోయి గోడ సగం దాకా ఎక్కాను. పైదాకా ఎక్కలేకపోయాను. లీడర్ అయితే ఎక్కేదే.

ఆమె ప్రతిచోటా గుర్తొచ్చేది. అభివృద్ధి గురించి చర్చలు జరిగే ఒక గుడారంలో ఆడపిల్లల చదువు మీద మాట్లాడుతున్నారు. మా చుట్టూ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది తెల్లపిల్లలు. నడిపిస్తున్న ఆమె ఎంతో ఆదరంగా నా వైపు తిరిగి, మీ స్నేహితుల్లో ఎవరైనా రాలేకపోయినవాళ్ళున్నారా అని అడిగింది. అందరూ నా వైపే చూశారు. "ఒకమ్మాయి ఉంది, ఆమెకు జ్వరం వచ్చింది" అన్నాను.

ఆ జవాబు గురించి చాలా ఏళ్ళు ఆలోచించాను. వాళ్ళ బాపు పెట్టని సంతకం గురించి చెబితే ఆ గుడారంలో లీడర్ ఒక 'పాపం ఇండియా అమ్మాయి' అయిపోయేది. బౌలైన్ ముడి ఎవరికీ కనిపించేది కాదు. మన ఇంటి పితృస్వామ్యం గురించి ఎవరి ముందు, ఏ భాషలో మాట్లాడాలి అన్న ప్రశ్న నల్లజాతి స్త్రీలకూ, దళిత స్త్రీలకూ, ముస్లిం స్త్రీలకూ ఎదురైందేనని తర్వాత చదువుకున్నాను. అందులో నిజముంది. అయితే ఆ నిజం వెనక నేను దాక్కున్నది కూడా నిజమే. వాళ్ళ బాపు గురించి చెప్పాల్సి వస్తే మా నాన్న అడిగిన మాటా, నేనిచ్చిన జవాబూ కూడా చెప్పాల్సి వచ్చేది.

ఆగస్టు 1 ఉదయం అసలు ఉత్సవం. 1907లో అదే రోజున బేడెన్ పవెల్ ఇరవైమంది మగపిల్లలతో బ్రౌన్సీ దీవిలో మొదటి శిబిరం మొదలుపెట్టాడు. నూరేళ్ళ తర్వాత అక్కడ కుడూ జింక కొమ్ము ఊదుతుంటే మేము పెద్ద తెరల మీద చూశాం. ఎనిమిది గంటలకు నలభై వేలమంది ఒక్కసారి మూడువేళ్ళెత్తి ఎవరి భాషలో వాళ్ళు ప్రమాణం చేశాం. నాకు గొంతు పూడుకుపోయింది. ఆ క్షణం అబద్ధమని ఇప్పటికీ అనలేను.

ఆ కొమ్ము 1896లో మాటబెలె ప్రజల తిరుగుబాటును అణచిన యుద్ధం నుంచి బేడెన్ పవెల్ తెచ్చుకున్నదని ఎం.ఏ.లో ఉండగా చదివాను. అప్పటినుంచి ఒక్కొక్కటే బయటపడుతూ వచ్చాయి. మేము సరదాగా ఆడిన ఆట ఒకటుండేది. పళ్ళెంలో ఇరవై వస్తువులు పెట్టి, నిమిషం చూపించి, గుడ్డ కప్పేసి, ఏమేమున్నాయో చెప్పమనడం. దాని పేరు కిమ్స్ గేమ్. అది కిప్లింగ్ 1901లో రాసిన 'కిమ్' నవలలోది. అక్కడ అది సిమ్లాలో ఒక పిల్లవాడిని బ్రిటిష్ గూఢచారిగా తయారుచేసే పాఠం. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ సభకు కొందరు ఆడపిల్లలు పిలవకుండానే వచ్చి మేమూ స్కౌట్లమే అన్నారు. వాళ్ళకోసం 1910లో విడిగా సంస్థ పెట్టి, బేడెన్ పవెల్ తన చెల్లెలు ఆగ్నెస్‌కు అప్పగించాడు. స్కౌట్ అనే పేరు వాళ్ళకు ఇవ్వలేదు, గైడ్స్ అన్నారు. ఆ పేరు మన వాయవ్య సరిహద్దులో ఉండిన బ్రిటిష్ ఇండియా పటాలం, కోర్ ఆఫ్ గైడ్స్ నుంచి తెచ్చుకున్నది. అంటే మా పేరు కూడా మమ్మల్ని ఏలిన సైన్యానిదే. ఇండియాలో స్కౌటింగ్ 1909లోనే మొదలైనా మొదట్లో మన పిల్లలను చేర్చుకోలేదు. అనీబిసెంటు 1916లో మద్రాసులో వేరే సంఘం పెట్టాల్సి వచ్చింది.

ఇవన్నీ తెలిశాక నా ప్రయాణం గురించి రాయకపోవడానికి మంచి సాకు దొరికింది. సామ్రాజ్యవాద వారసత్వం, ఇంకేం రాస్తాం అనుకున్నాను. విమర్శ కూడా ఒక్కోసారి తలుపు మూసుకోవడానికి పనికొస్తుంది. క్రిస్టల్ ప్యాలెస్‌కి పిలవకుండా వెళ్ళిన ఆ పిల్లల వంటిదే మా లీడర్ అని, ఆమెకు కావలసింది సామ్రాజ్యం కాదు, ఒక గోడ ఎక్కడమని నాకు తట్టడానికి చాలాకాలం పట్టింది.

జాంబోరీలో బ్యాడ్జీలు, స్కార్ఫులు మార్చుకోవడం ఆచారం. చివరిరోజు సాయంత్రం మా పక్క గుడారాల డెన్మార్క్ అమ్మాయి వచ్చి తన స్కార్ఫు విప్పి ఇచ్చింది. నాది ఇవ్వాలి. నా సంచిలో రెండు గ్రూపు స్కార్ఫులున్నాయి. నాది ఇవ్వబుద్ధి కాలేదు. లీడర్‌ది ఇచ్చాను. ఆ అమ్మాయి మూలనున్న ఎర్ర అక్షరాలు చూసి, ఇది నీ పేరా అని అడిగింది. అవునన్నాను.

కాజీపేటలో డెన్మార్క్ స్కార్ఫు తీసుకెళ్ళి లీడర్‌కిచ్చాను. నీది అక్కడే ఉండిపోయింది, దానికి బదులుగా ఇది అని సంబరంగా చెప్పబోయాను. ఆమె దాన్ని మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. "మంచిగున్నది. కని నాది నాకు తెచ్చియ్యాలె గద" అంది. ఇంకేం అనలేదు.

ఇంటర్ కాగానే ఆమెకు పెళ్ళి చేశారు. తర్వాత పట్టుబట్టి నర్సింగ్ చదివింది. ఇప్పుడు కరీంనగర్‌లో స్టాఫ్ నర్సు. ఆమె కూతురు బుల్‌బుల్ దాటి గైడ్‌గా చేరింది. మొన్న ఆ పిల్లకు వేరే రాష్ట్రంలో పదిరోజుల క్యాంపు పడితే ఇంట్లో మళ్ళీ అదే గొడవ. లీడర్ ఫోను చేసి, "సంతకం నేనే పెట్టిన. తల్లిది చెల్లదా?" అంది. చెల్లుతుందన్నాను.

ఆ రోజే ఆమెకు ఈ వ్యాసం సంగతి చెప్పాను. రాసినంతవరకు ఫోనులోనే చదివి వినిపించాను. నాన్న అడిగిన మాట దగ్గరకొచ్చేసరికి నా గొంతు ఆగిపోయింది. ఆ సంగతి ఆమె వినడం అదే మొదటిసారి. అటువైపు వార్డులో ఎవరో పిలుస్తున్నారు, ఆమె బదులివ్వలేదు.

కాసేపటికి అంది: "మీ నాయిన వచ్చి అడిగినా మా బాపు ఒప్పుకోకపోవు. కని అడగాల్సుండె."

ఈ వ్యాసంలో అచ్చువేయడానికి వీల్లేనిది ఏమైనా ఉందా అని అడిగాను. ఏమీ లేదంది. తన పేరు వేయాలా వద్దా అంటే, "లీడర్ అని రాసినవు గద, అదే ఉండనీ" అంది.