ఏనుగు ఇంకా నీళ్ళలో ఉండగానే

"తట్టుకోగలిగినవాళ్ళకే దేవుడు కష్టాలిస్తాడు" అనే మాట ఈ రెండేళ్ళలో చాలామంది నోట విన్నాను. చెప్పినవాళ్ళంతా మా మంచి కోరేవాళ్ళే. కానీ ఆ మాటని కాస్త నిలబెట్టి చూస్తే, నేనూ మా ఆవిడా ఇంకొంచెం పిరికివాళ్ళమై ఉంటే మా పాప గుండె బాగుండేదన్నమాట. ఓదార్పు పేరుతో తిరిగే ఇలాంటి వాక్యాలు దేవుడికి చేసేంత చెడ్డపేరు నాస్తికులు కూడా చెయ్యలేరు.

మా పాపకి డౌన్ సిండ్రోమ్. పుట్టిన రెండో రోజు పిల్లల డాక్టరు అరచేతిలో అడ్డంగా ఉన్న ఒకే గీత, పైకి తిరిగిన కనుకొసలు, ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోయేంత మెత్తటి ఒళ్ళు చూసి, కార్యోటైప్ పరీక్షకి రక్తం పంపించారు. రిపోర్టు బారసాల ముందురోజు వచ్చింది. మా ఇళ్ళల్లో పేరు పెట్టేది ఇరవయ్యొకటో రోజు. రిపోర్టులో ఉన్నది, 21వ క్రోమోజోమ్ రెండుండాల్సిన చోట మూడున్నాయని. అంకెలకి అర్థాలు వెతికే అలవాటు నాకు లేదు. అయినా ఆ అంకె దగ్గర కళ్ళు కాసేపు ఆగిపోయాయి. అప్పటికే ఎకో కూడా తీశారు. ఈ పిల్లల్లో ఇంచుమించు సగంమందికి పుట్టుకతోనే గుండెలో ఏదో లోపం ఉంటుంది. మా పాప ఆ సగంలో ఉంది. గుండె గదుల మధ్య గోడ ఉండాల్సిన చోట పెద్ద ఖాళీ. పాలు తాగుతుంటేనే నుదుటి మీద చెమట పట్టేది. మనం మెట్లెక్కితే పట్టినట్టు.

"ఇందులో ఎవరి తప్పూ లేదు. కణం విడిపోయేటప్పుడు ఒక జంట క్రోమోజోములు విడిపోకుండా ఉండిపోతాయి. అంతే," అన్నారు డాక్టరు. ఆ 'అంతే' నాకు పెద్ద ఊరట. కారణం ఉంది, కానీ నేరం లేదు. మా ఆవిడకి మాత్రం అదే మింగుడుపడలేదు. కడుపుతో ఉన్నప్పుడు అయిదో నెల నుంచి మా అత్తయ్య రోజూ సుందరకాండ చదివి వినిపించేది, లోపల బిడ్డ వింటుందని. "మరి ఆ కణం విడిపోకుండా ఉండిపోయినప్పుడు ఆయనెక్కడున్నాడు?" అని ఒక అర్ధరాత్రి అడిగింది, పాపకి పాలు పట్టి భుజాన వేసుకుని. నేనేం చెప్పను? క్రోమోజోముల గురించయితే చెప్పగలను.

జవాబులు మాత్రం బయటనుంచి చాలా వచ్చాయి. పారాయణలో ఏదో లోపం జరిగుంటుందని ఒక పెద్దాయన. పూర్వజన్మలో ఎవరికి ఏం బాకీ ఉన్నారోనని ఒక పెద్దావిడ. "ఇలాంటి పిల్లలు దేవుడి పిల్లలు" అని మరొకరు. ఇది వినడానికి బావుంటుంది గానీ, అలా అన్నవాళ్ళు పాపని ఎత్తుకోలేదు.

ఆ రోజుల్లో కెంజబురో ఓయె రాసిన 'ఎ పర్సనల్ మేటర్' చదివాను. 1963లో ఆయనకి మెదడు లోపంతో కొడుకు పుట్టాడు. మరుసటి ఏడాది వచ్చిన నవల అది. బర్డ్ అనే కుర్ర తండ్రి బిడ్డని వదిలించుకుని పారిపోవాలని చూస్తాడు. అందులో దేవుడు లేడు, అతన్ని ఓదార్చేవాళ్ళూ పెద్దగా లేరు. చివర్లో బర్డ్ మనసు మారడం మరీ హడావిడిగా అయిపోతుందని నాకూ అనిపించింది. కానీ ఆ పుస్తకం నన్నెక్కడా సముదాయించలేదు, అందుకు కృతజ్ఞుణ్ణి. ఓయె నమ్మకం లేనివాడు. మా ఇంట్లో సమస్య వేరు. మా ఆవిడకి నమ్మకం ఉంది. ఉంది కాబట్టే కోపం.

అయిదో నెలలో ఆపరేషన్. పొద్దున్న ఏడున్నరకి లోపలికి తీసుకెళ్ళారు. బయట వరస కుర్చీల్లో మా అత్తయ్య ఈసారి సుందరకాండ తియ్యలేదు, గజేంద్రమోక్షం తీసింది. చిన్న పుస్తకం, అట్ట ఊడిపోయి ఉంది. నేను పక్కన కూర్చుని ఫోన్లో అదే పాఠం తెరిచి, ఆవిడ గొంతు వెంట చూపు నడిపించాను. వేరే ఏ పని చేతకాక.

స్కూల్లో మేం బట్టీపట్టింది విష్ణువు పరుగెత్తుకొచ్చే పద్యం. లక్ష్మికి కూడా చెప్పకుండా, చేతిలో ఉన్న ఆవిడ కొంగు కూడా వదలకుండా వచ్చేస్తాడే, అది. తెలుగువాళ్ళకి గజేంద్రమోక్షం అంటే ఆ పరుగే. ఆసుపత్రి కుర్చీలో చదివితే ఆ పరుగు రావడానికి ఎంతసేపు పట్టిందో కనపడుతుంది. అంతకుముందు వెయ్యేళ్ళ పోరాటం ఉంది. మొసలికి నీళ్ళలో బలం పెరుగుతూ ఉంటుంది, ఏనుగుకి తరుగుతూ ఉంటుంది. తర్వాత ప్రార్థన మొదలవుతుంది. ఆ ప్రార్థన మధ్యలో, ముందు కాదు, సరిగ్గా మధ్యలో, ఏనుగుకి అనుమానం వస్తుంది. అందరూ ఉన్నాడని చెప్పేవాడు అసలు ఉన్నాడా అని. పోతన ఆ పద్యాన్ని దాచలేదు, ఏనుగు చేత దానికి లెంపలు వేయించలేదు. అనుమానం తర్వాత కూడా ప్రార్థన ఆగదు, ఇక నా వల్ల కాదు రమ్మని అడుగుతుంది. మా అత్తయ్య ఆ పద్యం దగ్గరకొచ్చేసరికి గొంతు కాస్త తగ్గించడం గమనించాను.

ఇంకో సంగతి ఆ రోజే పట్టుబడింది. గజేంద్రుడికీ పూర్వజన్మ కథ ఉంది. ఇంద్రద్యుమ్నుడనే రాజు, అగస్త్యుడి శాపం. మొసలికీ ఉంది. హూహూ అనే గంధర్వుడు, దేవలుడి శాపం. కానీ ఈ కారణాలన్నీ మనకి తెలిసేది ఏనుగు ఒడ్డున పడ్డాక. నీళ్ళలో ఉన్నంతసేపూ ఎవరూ దాని దగ్గరకొచ్చి ఇది నీ పాత బాకీ అని చెప్పరు. అది కూడా దాహం కోసం ఇక్కడికెందుకొచ్చానా అని కుములుతుంది గానీ, ఏ జన్మలో ఏం చేశానా అని ఖాతాలు తియ్యదు. పోతన కథలో ఉన్న ఈ మర్యాద మా బంధువుల్లో చాలామందికి లేకపోయింది.

మధ్యాహ్నం రెండు దాటాక సర్జన్ బయటికొచ్చి, గోడ కట్టాం, ఇక రెండ్రోజులు చూడాలన్నారు. మూడు రోజులు వెంటిలేటర్ మీద ఉంది. రెండో రాత్రి మా ఆవిడ బట్టల కోసం ఇంటికొచ్చి, దేవుడి గూటి ముందు నిలబడింది. దీపం వెలిగించలేదు. "నిన్నేం అడగను. అక్కడికొచ్చి కూర్చో, చాలు," అంది. పక్కింటివాళ్ళని సాయం పిలిచే గొంతుతో. నేను దేవుణ్ణి నమ్ముతానో లేదో ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. కానీ నమ్మకం అంటూ ఒకటి ఉంటే అది ఆ గొంతులా ఉంటుందనుకున్నాను. ఆయన బాగుచేస్తాడని కాదు, వస్తాడని.

ఇప్పుడు పాపకి రెండేళ్ళు. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీ, ఏడాదికోసారి థైరాయిడ్ పరీక్ష. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, చప్పట్లు కొట్టడం కోసం గోడ వదిలేసి కూలబడుతుంది. వాల్వు కొంచెం లీకవుతోందని పోయినసారి ఎకోలో చూశారు. వచ్చే నెల మళ్ళీ వెళ్ళాలి.

"వెళ్ళేముందు గజేంద్రమోక్షం ఓసారి చదవనా?" అని అత్తయ్య మొన్న అడిగింది.

"చదువమ్మా," అంది మా ఆవిడ, పాపకి సాక్సు తొడుగుతూ. "ఆ అనుమానం పద్యం దగ్గర మాత్రం గొంతు తగ్గించకు."